రాబందు పని ఎవరు చేస్తారు?

పశువు నొప్పి తగ్గించడానికి వేసిన చౌక ఇంజెక్షన్ దేశంలోని రాబందులను దాదాపుగా తుడిచిపెట్టింది. ఆవరణ వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఎక్కడ తెగుతుందో దక్షిణాసియాకు అర్థమయ్యేలా చెప్పిన పాఠం ఇది.

హైస్కూలు గోడల మీద వేలాడే చార్టు అందరికీ తెలిసిందే. గడ్డి, గడ్డిని మేసే జింక, జింకను తినే పులి, వాటి మధ్య బాణం గుర్తులు. పులి దగ్గరికి వచ్చేసరికి బాణాలు ఆగిపోతాయి. చచ్చిపోయిన పులి ఏమవుతుంది? చచ్చిపోయిన గొడ్డు ఏమవుతుంది? దానికి జవాబు చార్టులో ఓ మూలన చిన్న గడిలో ఉంటుంది. 'విచ్ఛిన్నకారులు' అని రాసి కాసిని బాక్టీరియా, శిలీంధ్రాల బొమ్మలు వేస్తారు. పరీక్షల్లో ఆ గడికి దక్కేది ఒక్క మార్కు. 1990వ దశకంలో భారతదేశం తప్పింది సరిగ్గా ఆ ఒక్క మార్కు ప్రశ్న దగ్గరే. అందుకు చెల్లించిన మూల్యం లక్షల ప్రాణాలని ఆర్థికవేత్తలు ఇప్పుడు లెక్క తేలుస్తున్నారు.

జీవులను, వాటి చుట్టూ ఉన్న నేల, నీరు, గాలిని విడివిడిగా కాకుండా ఒకే వ్యవస్థగా చూడాలన్న ఆలోచనకు 'ఎకోసిస్టమ్' అని పేరు పెట్టి 1935లో అచ్చులోకి తెచ్చింది బ్రిటన్ వృక్ష శాస్త్రవేత్త ఆర్థర్ టాన్‌స్లీ. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అదే ఆవరణ వ్యవస్థ. అందులో రెండు రకాల ప్రవాహాలు ఉంటాయి. మొదటిది శక్తి. సూర్యుడి నుంచి వస్తుంది, మొక్కలోకి చేరుతుంది, మెట్టు మెట్టుకూ చాలా భాగం వేడిగా పోగా స్థూలంగా పదో వంతు మాత్రమే పై మెట్టుకు అందుతుంది. గడ్డి విస్తారంగానూ, జింకలు వందల్లోనూ, పులులు పదుల్లోనూ ఉండడానికి కారణం అదే. రెండోది పదార్థం. నత్రజని, భాస్వరం, కాల్షియం లాంటివి. సూర్యుడు శక్తిని రోజూ కొత్తగా పంపుతాడు గానీ భాస్వరాన్ని పంపడు. ఉన్నదే తిరగాలి. చచ్చినదాంట్లో ఉన్నది మళ్లీ మట్టికి చేరాలి. చేరకపోతే, లేదా చేరేలోగా అది రోగాలకు పుట్టిల్లుగా మారితే చక్రం తప్పుతుంది.

అంటే కళేబరాన్ని వదిలించుకోవడం ఈ వ్యవస్థకు చివర్లో మిగిలిపోయిన చిల్లర పని కాదు. కొసను మళ్లీ మొదటికి కలిపే ముడి అది. ఆ ముడి ఎంత త్వరగా పడుతుంది, ఎవరు వేస్తారు అన్నవి పాఠ్యపుస్తకంలో కనిపించని ప్రశ్నలు. భారత ఉపఖండంలో వాటికి వేల ఏళ్లుగా ఉన్న సమాధానం రాబందు.

జీతం లేని సిబ్బంది

2019 పశుగణన ప్రకారం దేశంలో పాడి, దుక్కి పశువులు, గొర్రెలు, మేకలు, పందులు అన్నీ కలిపి 53.57 కోట్లు. వాటిలో ఆవులు, ఎద్దుల వంటి గోజాతి పశువులే 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. మరే దేశంలోనైనా ఇన్ని పశువులు ఉంటే ఎక్కువ భాగం కబేళాకు చేరతాయి. ఇక్కడ మతవిశ్వాసాలు, గోవధ చట్టాల వల్ల లక్షలాది పశువులు ముసలివై, జబ్బు చేసి తమంతట తాము చనిపోతాయి. వాటిని పాతిపెట్టే ఆనవాయితీ చాలా చోట్ల లేదు. ఊరవతల పారేయడమే పద్ధతి.

ఆ తర్వాత జరిగేది ఎవరూ రాయని ఒప్పందం ప్రకారం సాగిపోయేది. చర్మం ఒలిచేవారు ముందు వచ్చేవారు. వాళ్లు వెళ్లగానే రాబందులు దిగేవి. గుంపు పెద్దదైతే గంట లోపే ఎముకల గూడు మిగిలేది. తర్వాత ఎముకలు ఏరుకునేవారు వచ్చి వాటిని ఎరువుల, జెలటిన్ ఫ్యాక్టరీలకు అమ్ముకునేవారు. తోలు కొందరికి బతుకుతెరువు, ఎముకలు మరికొందరికి కూలి, మాంసం రాబందులకు కూడు. పంచాయతీకి పైసా ఖర్చు లేదు. 1980లలో దేశంలో రాబందులు సుమారు 4 కోట్లు ఉండేవని ఒక అంచనా. ప్రపంచంలో అతి పెద్ద పారిశుద్ధ్య సిబ్బంది అదేననడం అతిశయోక్తి కాదు.

ఈ పనికి రాబందును మించిన అర్హత మరో జీవికి లేదు. అది వేటాడదు, పూర్తిగా చచ్చినవాటి మీదే బతుకుతుంది. రెక్క ఆడించే శ్రమ పడకుండా వేడిగాలి తెరల మీద తేలుతూ మైళ్ల కొద్దీ నేలను గాలిస్తుంది. ఒకటి కిందికి దిగితే దూరాన ఎగురుతున్న మరొకటి దాన్ని చూసి అటు మళ్లుతుంది, దాన్ని చూసి ఇంకొకటి. ఆకాశంలో అదొక సమాచార వ్యవస్థ. కడుపులోని ఆమ్లం ఎంత ఘాటైనదంటే కుళ్లిన మాంసంలోని చాలా రకాల రోగక్రిములు అక్కడే అంతమవుతాయి. దొమ్మ రోగంతో చచ్చిన పశువును తిన్నా రాబందు సాధారణంగా జబ్బు పడదు. రోగాల దారిలో అది గమ్యం లేని వీధి. క్రిమి లోపలికి పోవడమే గానీ బయటికి రాదు.

కాకులూ గద్దలూ ఉన్నాయి కదా అనుకోవచ్చు. అవి గేదె తోలును చీల్చలేవు. పెద్ద కళేబరం మొత్తాన్ని కుళ్లకముందే ఖాళీ చేయడం వాటి వల్ల కాదు. ఆవరణ వ్యవస్థలో కొన్ని ఉద్యోగాలకు బదిలీ మనుషులు దొరుకుతారు, కొన్నిటికి దొరకరు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ 1960లలో పసిఫిక్ తీరపు రాళ్ల మీద నుంచి ఒక రకం నక్షత్ర చేపలను ఏరిపారేసి చూశారు. ఆల్చిప్పల జాతి జీవులు అడ్డూ ఆపూ లేకుండా పెరిగి, అక్కడున్న 15 రకాల జీవులు 8కి పడిపోయాయి. ఇలాంటి జీవులకు ఆయన 'కీస్టోన్' జాతులని పేరు పెట్టారు. కమాను మధ్యలో బిగించిన రాయి లాంటివి. లెక్కలో ఒకటే, కానీ దాన్ని లాగేస్తే మిగతావన్నీ జారతాయి. పెయిన్ చేసింది ప్రయోగం. ఉపఖండంలో అదే ప్రయోగం ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోయింది.

భరత్‌పూర్ నుంచి పంజాబ్ దాకా

కీడు శంకించిన మొదటి చోటు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం. అక్కడ 1980లలో రాబందుల గూళ్లు లెక్కించిన బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ మళ్లీ 1990లలో లెక్కకు కూర్చుంటే గూళ్లు ఖాళీగా కనిపించాయి. ఉన్న పక్షులు మెడలు వేలాడేసి రోజుల తరబడి కదలకుండా కూర్చునేవి, తర్వాత కొమ్మ మీద నుంచి రాలిపడేవి. ఆయన పరిశీలన 1999లో అచ్చయింది. 2000 నాటికి తెల్లవీపు రాబందు, పొడుగు ముక్కు రాబందు అతి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కాయి. సన్న ముక్కు రాబందు పరిస్థితీ అంతే.

కారణం మాత్రం అంతుబట్టలేదు. పురుగుమందులని కొందరు, ఏదో కొత్త వైరస్ అని మరికొందరు. తిండి కరువా అంటే కళేబరాలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. చివరికి ముడి విప్పింది పాకిస్థాన్ పంజాబ్‌లో పరిశోధన సాగించిన అంతర్జాతీయ బృందం. లిండ్సే ఓక్స్ నాయకత్వంలోని ఆ శాస్త్రవేత్తలు చచ్చిన పక్షులను కోసి చూస్తే గుండె, కాలేయం మీద తెల్లటి సుద్ద పూత పూసినట్టు ఉంది. అది యూరిక్ ఆమ్లం. పక్షులు తమ ఒంట్లోని నత్రజని వ్యర్థాలను ఆ రూపంలోనే బయటికి పంపుతాయి. మూత్రపిండాలు చెడితే అది లోపలే పేరుకుపోతుంది. వైరస్ కోసం, లోహాల కోసం, పురుగుమందుల కోసం వెతికి వేసారిన తర్వాత వారు దారి మార్చారు. రాబందు తినేది పశువునే కాబట్టి పశువుకు కొత్తగా ఏం మందు పెడుతున్నారని ఆరా తీశారు. దొరికిన పేరు డైక్లోఫినాక్. మూత్రపిండాలు చెడి చచ్చిన 25 రాబందుల్లో ప్రతి ఒక్కదాని ఒంట్లోనూ అది ఉంది. ఇతర కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేదు. 2004లో 'నేచర్' పత్రికలో ఈ ఫలితం వెలువడింది.

డైక్లోఫినాక్ విషం కాదు. మోకాలి నొప్పికి మనుషులు మింగే మాత్రే. పేటెంట్ గడువు ముగిశాక 1994 నుంచి చౌకగా పశువుల మార్కెట్లోకి వచ్చింది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగువాపుతో బాధపడే గేదెకు, లేవలేని ముసలి ఆవుకు ఒక్క ఇంజెక్షన్‌తో ఉపశమనం. రైతుకు కొనగలిగే ధర. మందు వేసిన కొద్ది రోజుల్లో పశువు చనిపోతే మాత్రం మాంసంలో మందు మిగిలి ఉంటుంది. రాబందు మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేవు. ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. వేటగాడు లేడు, అడవి నరికినవాడు లేడు. ఉన్నది పశువు బాధ చూడలేని రైతు, ఆ బాధ తగ్గించిన వైద్యుడు.

వందలో ఒకటి కూడా అక్కర్లేదు

ఇక్కడే చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. దేశంలో చచ్చే పశువులన్నిటికీ ఇంజెక్షన్లు వేయరు కదా? నూటికి ఏ కొన్నింటికో. అలాంటప్పుడు కోట్ల పక్షులు పోవడమేమిటి?

కేంబ్రిడ్జికి చెందిన రైస్ గ్రీన్ బృందం 2004లో ఈ లెక్క తేల్చింది. ఇంత పతనానికి ప్రాణాంతక స్థాయిలో మందు ఉన్న కళేబరాలు నూటికి ఒకటి కూడా అక్కర్లేదు. 0.13 నుంచి 0.75 శాతం చాలు. అంటే వెయ్యి కళేబరాల్లో ఒకటి నుంచి ఏడెనిమిది. నిషేధానికి ముందు దేశంలో సేకరించిన పశు కళేబరాల నమూనాల్లో మందు జాడ కనిపించినవి సుమారు పదింట ఒకటి.

దీని వెనకున్నది రాబందు జీవన విధానమే. దానికి రెండు మూడు రోజులకోసారి కడుపు నిండితే చాలు. అంటే ఏడాదిలో అది వందకు పైగా కళేబరాల మీద వాలుతుంది. వందసార్లు పందెం కాసినట్టు. ఒక్కసారి ఓడితే అంతే సంగతులు. పైగా అది ఒంటరిగా తినదు. ఒక్క విషపు కళేబరం పదుల పక్షులను ఒకేసారి పడగొడుతుంది. ఏ గుణం వల్ల అది గొప్ప పారిశుద్ధ్య పక్షి అయిందో, అంటే దూరాలు గాలించడం, గుంపుగా దిగడం, మిగల్చకుండా తినడం, ఆ గుణమే దాన్ని చావుకు దగ్గర చేసింది.

రెండో సగం సంతానం లెక్క. రాబందు జత ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల పెద్దదై తానూ గూడు కట్టడానికి ఐదేళ్లు పడుతుంది. దీర్ఘాయువు మీద ఆధారపడిన జీవి అది. ఏటా నూటికి ఐదారు కంటే ఎక్కువ పెద్ద పక్షులు చస్తే ఆ లోటు పూడదు. 2000 నుంచి 2007 వరకూ దేశంలో తెల్లవీపు రాబందులు ఏటా సగటున 43.9 శాతం చొప్పున తగ్గాయి. ఆ లెక్కన వెయ్యి పక్షులుంటే ఐదేళ్లకు మిగిలేది యాభై అయిదు. 1992లో వెయ్యి ఉన్న చోట 2007 నాటికి మిగిలింది ఒక్కటి. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు రెండూ కలిపి దాదాపు 97 శాతం పోయాయి. ఇంత విస్తారంగా ఉన్న పక్షి ఇంత వేగంగా మాయమైన ఉదంతాలు చరిత్రలో చాలా అరుదు.

ఖాళీ కుర్చీలో కుక్క

ఆవరణ వ్యవస్థలో కుర్చీ ఖాళీగా ఉండదు. తిండి ఉన్న చోటికి ఎవరో ఒకరు వస్తారు. రాబందులు పోయాక కళేబరాల దిబ్బల మీదికి కుక్కలు, ఎలుకలు చేరాయి. రాజస్థాన్‌లో బికనేర్ శివారులోని జోర్‌బీడ్ పశు కళేబరాల మైదానం ఇప్పటికీ ఇందుకు కళ్లెదుటి సాక్ష్యం. చలికాలంలో వలస వచ్చే డేగలు, హిమాలయాల అవతలి రాబందులు ఓ పక్క, కుక్కల మందలు మరో పక్క.

కుక్కకూ రాబందుకూ తేడా ఆకలిలో లేదు, మిగతా అన్నింటిలోనూ ఉంది. కుక్క నిదానంగా తింటుంది, సగం వదిలేస్తుంది, ఈలోగా అది కుళ్లి వాగులో కలుస్తుంది. రాబందు మనిషిని కరవదు, కుక్క కరుస్తుంది. రాబందు ఏడాదికి ఒక పిల్ల, కుక్క ఈతకు అరడజను. రాబందు కడుపులో క్రిమి చస్తుంది, కుక్క రేబిస్‌ను మోసుకు తిరుగుతుంది. పని అదే అయినా చేసేవాడు మారితే ఫలితం మారిపోతుందన్నది ఇక్కడి పాఠం.

అనిల్ మార్కండేయ తదితరులు 2008లో వేసిన అంచనా ప్రకారం రాబందుల పతనంతో దేశంలో కుక్కలు కనీసం 55 లక్షలు అదనంగా పెరిగాయి. 1992-2006 మధ్య 3.8 కోట్లకు పైగా కుక్కకాట్లు, 47 వేలకు పైగా రేబిస్ మరణాలు అదనం. అప్పట్లో అది కొంత ఊహాజనితమైన లెక్క అన్నవారూ ఉన్నారు. 2024లో 'అమెరికన్ ఎకనామిక్ రివ్యూ'లో వచ్చిన అధ్యయనం ఆ సందేహాన్ని మరో దారిలో పరిశీలించింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్ జిల్లాలను రెండు రకాలుగా విడదీశారు. రాబందుల నివాసానికి అనువైనవి, కానివి. డైక్లోఫినాక్ రాకముందు రెండు చోట్లా మరణాల రేటు తీరు ఒకేలా ఉంది. మందు వచ్చాక రాబందులున్న జిల్లాల్లోనే అది పైకి లేచింది. 2000-2005 మధ్య ఆ జిల్లాల్లో మరణాలు 4 శాతానికి పైగా పెరిగాయి. ఐదేళ్లలో సుమారు 5 లక్షల అదనపు మరణాలు. నష్టం ఏటా దాదాపు 6,940 కోట్ల డాలర్లు. అదే జిల్లాల్లో రేబిస్ టీకాల అమ్మకాలు పెరగడం, నీటిలో మలసంబంధ బాక్టీరియా ఎక్కువవడం కూడా వారి కంట పడ్డాయి.

ఇవి అంచనాలే. ఏ మరణ ధ్రువీకరణ పత్రం మీదా 'రాబందు లేకపోవడం వల్ల' అని రాసి ఉండదు. వీధి కుక్కల సమస్యకు రాబందు ఒక్కటే కారణమూ కాదు. ఊళ్లలో ఎత్తని చెత్త, జరగని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, వేయని టీకాలు అన్నీ ఉన్నాయి. కానీ 2025 ఆగస్టులో ఢిల్లీ పరిసరాల వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించడం, ఆ తర్వాత పదకొండు రోజులకే మరో ధర్మాసనం దాన్ని సవరించి టీకాలు, ఆపరేషన్ల తర్వాత చాలా కుక్కలను తిరిగి అక్కడే వదలమనడం దేశమంతటా వాగ్వాదాలకు దారితీసినప్పుడు, కుక్కలకు ఆ కుర్చీ ఎలా దక్కిందన్న సంగతి పెద్దగా ఎవరికీ గుర్తు రాలేదు.

దెబ్బ తగిలిన మరో చోటు ముంబై మలబార్ హిల్. భూమి, అగ్ని, నీరు అపవిత్రం కాకూడదని పార్శీలు తమ మృతదేహాలను అక్కడి దఖ్మాల్లో ఉంచుతారు. రాబందులు పోవడంతో శతాబ్దాల ఆచారం ఇరుకున పడింది. ఎండను కేంద్రీకరించే అద్దాలు పెట్టినా వానాకాలంలో అవి పని చేయవు. ఒక సమాజపు మత విధి ఒక పక్షి మూత్రపిండాల మీద ఆధారపడి ఉందని అంతకు ముందు ఎవరూ ఊహించలేదు.

నిషేధం వెనకే మరో పేరు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. 2006లో భారత్, పాకిస్థాన్, నేపాల్ పశువుల డైక్లోఫినాక్‌ను నిషేధించాయి, 2010లో బంగ్లాదేశ్. అదే ఏడాది, అంటే 2006లోనే, మెలాక్సికామ్ అనే మందు పశువు నొప్పికి పని చేస్తుందని, రాబందుకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. ప్రత్యామ్నాయం చేతిలో ఉండగా వచ్చిన నిషేధం ఇది. ఫలితమూ కనిపించింది. పతనం వేగం తగ్గింది.

కానీ నిషేధానికి పక్కదారులు వెతుకుతారని ఎవరికి తెలియదు? మనుషుల కోసం తయారైన డైక్లోఫినాక్‌ను పెద్ద సీసాల్లో కొని పశువులకు వేశారు. 2015లో కేంద్రం మనుషుల ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేయాల్సి వచ్చింది. దాని స్థానంలోకి ఎసిక్లోఫినాక్ వచ్చింది. పేరే కొత్తది, పశువు ఒంట్లోకి వెళ్లాక అది డైక్లోఫినాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్ వచ్చింది, అదీ రాబందులను చంపేదే. ఈ రెండింటినీ బంగ్లాదేశ్, భారత్ వేర్వేరుగా పట్టించుకున్నాయి. కీటోప్రొఫెన్‌ను బంగ్లాదేశ్ 2021లో నిషేధిస్తే, భారత్ రెండు మందులనూ 2023 జూలైలో నిషేధించింది. పశువుల నిమెసులైడ్ వంతు 2024 డిసెంబర్ ఆఖరుకు వచ్చింది. మొదటి నిషేధానికీ దీనికీ మధ్య పద్దెనిమిదేళ్లు.

జబ్బు ఎక్కడుందో ఈ వరసే చెబుతోంది. పశువుల మందుకు అనుమతి ఇచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడగడం మామూలు. పశువుకు సురక్షితమేనా? ఆ పశువు పాలు తాగే, మాంసం తినే మనిషికి సురక్షితమేనా? పాలలో మందు ఎన్ని రోజులుంటుందో కూడా చూస్తారు. పశువు చచ్చాక దాన్ని తినే జీవి సంగతి ఎవరూ అడగలేదు. ఆహార చక్రాన్ని పులి దగ్గర ఆపేసిన చార్టే ఔషధ అనుమతుల బల్ల మీదికీ చేరిందన్నమాట. రాబందుల సంరక్షణకు కేంద్రం ప్రకటించిన 2020-2025 కార్యాచరణ ప్రణాళిక ఈ లోపాన్ని గుర్తించింది. రాబందులకు విషమని తేలిన మందును పశువైద్యం నుంచి దానంతటదే తొలగించే ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఆ ప్రణాళిక గడువు తీరిపోయింది. మందు మార్కెట్లోకి రావడం, పక్షులు చావడం, శాస్త్రవేత్తలు నిరూపించడం, కోర్టులకు, మంత్రిత్వ శాఖలకు తిరగడం, ఆ తర్వాత నిషేధం అన్న క్రమమే ఇప్పటికీ నడుస్తోంది. రాబందు గుడ్డు ఏడాదికి ఒకటి. ఫైలు వేగంతో అది పోటీ పడలేదు.

కుదిరే పనే

నేపాల్ అనుభవం ఊరటనిస్తుంది. అక్కడ నిషేధాన్ని కాగితానికే వదిలేయలేదు. మందుల షాపుల్లోని డైక్లోఫినాక్ స్థానంలో మెలాక్సికామ్ నింపారు. ముసలి పశువులను చేరదీసి, అవి సహజంగా చనిపోయాక మందు లేని కళేబరాలను రాబందులకు పెట్టే కేంద్రాలు నడిపారు. నవల్‌పరాసీ జిల్లా పిఠౌలీలో 2006లో మొదలైన అలాంటి కేంద్రానికి పర్యాటకులూ వస్తారు. 2013 ప్రాంతం నుంచి అక్కడ తెల్లవీపు రాబందుల సంఖ్య మళ్లీ పెరగడం మొదలైంది. నేపాల్, బంగ్లాదేశ్ షాపుల్లో డైక్లోఫినాక్ దాదాపు కనుమరుగైందని, భారత్‌లో మాత్రం అమ్ముడవుతూనే ఉందని 2018 దాకా జరిగిన సర్వేలు చెప్పాయి.

2015 అంచనాల ప్రకారం భారత్‌లో తెల్లవీపు రాబందులు 6 వేలు, పొడుగు ముక్కువి 12 వేలు, సన్న ముక్కువి వెయ్యి. హర్యానాలోని పింజోర్, పశ్చిమ బెంగాల్‌లోని రాజాభాత్‌ఖావా, అస్సాంలోని రాణి, భోపాల్ కేంద్రాల్లో వాటిని పెంచుతున్నారు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోనూ సంరక్షణ కేంద్రం ఉంది. పింజోర్‌లో పెరిగిన తెల్లవీపు రాబందులను 2020 నుంచి విడతలుగా బయటికి వదులుతున్నారు. పంజరంలో పెంచడం కష్టమే అయినా సాధ్యమేనని తేలిపోయింది. బయట అవి దిగబోయే మొదటి కళేబరంలో ఏముందన్నదే తేలాల్సిన సంగతి.

తెలుగునాట ఆ పక్షికి గౌరవం ఉంది. సీత కోసం పోరాడి రెక్కలు తెగి పడిన జటాయువును రాముడు 'లే పక్షీ' అన్నాడని, అందుకే ఊరికి లేపాక్షి అని పేరొచ్చిందని స్థానికులు చెప్పుకొంటారు. అదే సమయంలో ఎవరినైనా తిట్టాలంటే నోటికొచ్చే మాటల్లో 'రాబందు' ఒకటి. గుళ్లో పూజ, నోట్లో తిట్టు. పొలం గట్టున దాని లోటును గమనించినవారు తక్కువ. అప్పటి ఆదిలాబాద్, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట చరియల మీద 2013లో పొడుగు ముక్కు రాబందులు కనిపించినప్పుడు అది వార్త అయింది. ఒకప్పుడు ఊరూరా చింతచెట్ల మీద, తాటిచెట్ల మీద వాలిన పక్షి కనిపించడమే వార్త కావడం ఆ లోటుకు కొలత.

పర్యావరణ శాస్త్రం చదివే విద్యార్థికి ఈ కథలో మార్కులొచ్చే సూత్రాలు చాలానే ఉన్నాయి. శక్తి ప్రవాహం, పదార్థ చక్రం, కీస్టోన్ జాతి. వాటికంటే ముందు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. ఒక వ్యవస్థలో ఎన్ని జీవులున్నాయని లెక్కపెడితే సరిపోదు. ఏ పని ఎవరు చేస్తున్నారు, వాళ్లు లేకపోతే ఆ పని ఎవరి చేతికి పోతుంది, అప్పుడు దాని బిల్లు ఎవరు కడతారు అని అడగాలి. రాబందు విషయంలో బిల్లు కట్టింది కుక్క కరిచిన పిల్లలు, కలుషిత నీరు తాగిన పేదలు. వారిలో చాలామందికి రాబందుతో ఏ సంబంధమూ ఉన్నట్టు తెలియదు.

మెలాక్సికామ్ ఖరీదైన మందు కాదు. దొరకని మందూ కాదు. గ్రామాల్లో పశువుకు ఇంజెక్షన్ వేసే ప్రతి చేతికీ అది అందేలా చూడడం, కొత్త నొప్పి మందుకు లైసెన్సు ఇచ్చే ముందే రాబందు మీద దాని ప్రభావం తేల్చమని కంపెనీలను అడగడం ప్రభుత్వం తలుచుకుంటే అయ్యే పనులు. ఐదు లక్షల మరణాల అంచనా పక్కన పెట్టి చూస్తే ఆ ఖర్చు లెక్కలోకే రాదు.